మామిడి తాండ్ర తేమ కొలుచుకుంటూ ఎండబెట్టడం ఎలా (అరటి, సపోటా ముక్కలకీ ఇదే లెక్క)

మే నెలలో డాబా మీద ఎండబెట్టిన తాండ్ర అప్పటికి బ్రహ్మాండంగా ఉంటుంది, జులైలో డబ్బా మూత తీస్తే వేలికి అతుక్కుంటుంది, ఆగస్టుకల్లా అంచుల్లో తెల్లగా బూజు. "ఇంకో రోజు ఎండలో పెట్టాల్సింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఒక్కోసారి అది నిజమే గానీ చాలాసార్లు ఆ ఇంకో రోజు పెట్టినా ఒరిగేదేం లేదు, ఎందుకంటే పండు ఎక్కడిదాకా ఎండి ఆగిపోవాలో తేల్చేది చుట్టూ ఉన్న గాలిలో తేమ. ఎండ పని ఆ చోటికి తొందరగా చేర్చడం, అంతే.

యూట్యూబ్‌లో చాలామంది "రెండు మూడు రోజులు ఎండబెట్టుకోండి" అని చెప్పేసి వెళ్లిపోతారు. ఏ ఊళ్లో రెండు మూడు రోజులు? అనంతపురంలో మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ 25, 30 శాతం దాకా పడిపోతుంది, అదే టైముకి విశాఖలో సముద్రపు గాలికి 70 చుట్టూ ఉంటుంది. ఒకే గుజ్జు, ఒకే పళ్లెం, ఫలితం మాత్రం రెండు రకాలు. కాబట్టి రోజులు లెక్కపెట్టడం మానేసి బరువు, తేమ చూసుకుంటూ ఎండబెట్టడం ఎలాగో చెప్తాను. ఖర్చు పెద్దగా లేదు, కొంచెం ఓపిక కావాలి.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఏ పండు ముక్కనైనా ఒక రకం తేమ ఉన్న గాలిలో చాలాసేపు వదిలేస్తే అది కాస్త నీళ్లు వదిలో, కాస్త పీల్చుకునో ఒక బరువు దగ్గర నిలబడిపోతుంది. గాలి తేమ ఒకవైపు, పండులో మిగిలిన నీళ్లు ఇంకోవైపు పెట్టి గీసిన గీతని సార్ప్షన్ ఐసోథర్మ్ అంటారు. పేరు చూసి కంగారు పడక్కర్లేదు. మామిడి, ద్రాక్ష, అరటి లాంటి తియ్యటి పండ్లలో ఈ గీత గాలి తేమ 50 శాతం దాకా దాదాపు పడుకునే ఉంటుంది, 60, 65 దాటిందా, ఇక నిట్టనిలువుగా లేస్తుంది. దానికి పెద్ద కారణం చక్కెరలే, ముఖ్యంగా ఫ్రక్టోజ్. అది గాలిలో తేమ 62 శాతం చుట్టూ ఉంటే చాలు, నీళ్లు లాక్కుని తనే కరిగిపోవడం మొదలుపెడుతుంది. అందుకే సుమారుగా చెప్పాలంటే 60 శాతం గాలిలో 15 నుంచి 18 శాతం నీళ్లతో కుదురుగా కూర్చునే తాండ్ర, 75 శాతం గాలిలో వదిలేస్తే బరువులో పావు వంతు దగ్గరికి నీళ్లు పట్టేస్తుంది. జులై డబ్బాలో జరిగేది ఇదే.

1. సామాన్లు

వంటింటి డిజిటల్ కాటా, గ్రాము తేడా చూపించేది, మీ పళ్లెం బరువుతో సహా మోయగలిగేది. చిన్న డిజిటల్ తేమ మీటర్, అంటే హైగ్రోమీటర్, ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరుకుతుంది, అగ్గిపెట్టె సైజు ఉంటుంది, ఒకటి కాదు రెండు కొనండి. గట్టి మూత ఉన్న గాజు సీసాలు, హార్లిక్స్ సీసా లాంటివైనా చాలు. వంటింట్లో ఉప్పు. వెడల్పు స్టీలు పళ్లేలో ట్రేలో. పండ్ల తీపి చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.

చేత్తో నొక్కి చూడటం, వాసన చూడటం, తుంచి చూడటం అవన్నీ మానక్కర్లేదు, అవి కూడా పనికొచ్చేవే. కాకపోతే అవి 15 శాతానికి, 20 శాతానికి ఉన్న తేడాని పట్టివ్వలేవు, మన గొడవంతా ఆ అయిదు శాతంలోనే ఉంది.

2. మీటర్ని నమ్మొచ్చో లేదో చూడండి

చవక మీటర్లు 5, 8 శాతం అటూ ఇటూ చూపిస్తాయి, ఒక్కోటి ఇంకా ఎక్కువే. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు వేసి, నాలుగైదు చుక్కలు నీళ్లు పోసి తడి ఇసుకలా చేయండి, మరీ కరిగిపోయేంత పోయొద్దు, గడ్డలుగా ఉప్పు కనిపిస్తూనే ఉండాలి. ఆ మూతనీ మీటర్నీ ఒక పెద్ద సీసాలో పక్కపక్కన పెట్టి, తడి మీటర్‌కి తగలకుండా చూసుకుని, గట్టిగా బిగించి ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్న బయట నుంచే చూడండి, మూత తీయొద్దు. అది 75 చూపించాలి. తడి ఉప్పు పైన ఉండే గాలిలో తేమ ఎప్పుడూ 75 శాతమే, 25 డిగ్రీల దగ్గరైనా 30 దగ్గరైనా పెద్దగా మారదు, అందుకే పెద్ద ల్యాబుల్లో కూడా ఇదే వాడతారు.

మీది 70 చూపించిందనుకోండి, మీటర్ మీద చిన్న స్టిక్కర్ అంటించి "5 కలపాలి" అని రాసేయండి. దాన్ని పారేయక్కర్లేదు. రెండో మీటర్ ఎందుకంటే ఒకటి సీసాలో ఉన్నప్పుడు ఇంకోటి డాబా మీద గాలి చెప్తూ ఉండాలి.

3. ఆగాల్సిన బరువు ముందే లెక్కేసుకోండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఎండేటప్పుడు పోయేది నీళ్లు మాత్రమే, చక్కెర పోదు, పీచు పోదు. కాబట్టి గుజ్జులో నీళ్లు కాకుండా మిగతా సరుకు ఎంతో తెలిస్తే చివరికి ఎంత బరువు దగ్గర ఆపాలో ముందే చెప్పేయొచ్చు.

బాగా పండిన మామిడిలో 80 నుంచి 84 శాతం దాకా నీళ్లే. రిఫ్రాక్టోమీటర్ ఉంటే చుక్క గుజ్జు వేసి చూడండి, బ్రిక్స్ 15 వచ్చిందనుకోండి, అది నీళ్లలో కరిగిన సరుకు, పీచూ గట్రా కలిపి ఇంకో ఒకటి వేసుకోండి, 16 శాతం. లేనివాళ్లు కలెక్టర్ కాయకి 16, బంగినపల్లికి ఇంకాస్త ఎక్కువ వేసుకుంటే పెద్ద తప్పు రాదు.

5 కేజీల గుజ్జు, 16 శాతం, అంటే గట్టి సరుకు 800 గ్రాములు. అరకేజీ పంచదార వేశారు, మొత్తం 1300 గ్రాములు. తాండ్రలో చివరికి 15 శాతం నీళ్లు ఉండాలనుకుంటే 1300 ని 0.85 తో భాగించండి, 1530 గ్రాములు. అంటే పళ్లెంలో పోసిన అయిదున్నర కేజీలు కేజీన్నర చిల్లరకి దిగాలి, దాదాపు 4 లీటర్ల నీళ్లు గాల్లోకి పోవాలి. పళ్లేల బరువు పోసే ముందే విడిగా తూచి అడుగున మార్కర్‌తో రాసేయండి, తర్వాత తూచడం కుదరదు.

ఇదే లెక్కలో ఇంకోటి చూడండి. 20 శాతం నీళ్లు ఉన్నప్పుడు బరువు 1625, 15 శాతానికి 1530. మధ్యలో తేడా 95 గ్రాములే! నాలుగు లీటర్లలో ఆఖరి వంద గ్రాములు కూడా లేదు, అదే బూజు పట్టేదానికీ పట్టనిదానికీ తేడా. చేత్తో నొక్కితే ఎందుకు తెలీదో ఇప్పుడు అర్థమైందిగా.

4. గుజ్జు

కాయలు కడిగి, తుడిచి, గుజ్జు తీసి జల్లెడలో వడకట్టండి, కలెక్టర్‌కి పీచు తక్కువ కాబట్టి తొందరగా అవుతుంది. గుజ్జుని పొయ్యి మీద పెట్టి అడుగంటకుండా కలుపుతూ పొగలు వచ్చేదాకా, అంటే 80 డిగ్రీల దగ్గరికి, వేడిచేసి రెండు నిమిషాలు ఉంచి దించేయండి. దీంతో పులిసే క్రిములు చాలావరకు పోతాయి, రంగు నల్లబడటానికి కారణమయ్యే ఎంజైములూ మందగిస్తాయి. కేజీకి ఒక నిమ్మకాయ రసం, చల్లారాక.

పంచదారా బెల్లమా అని అడుగుతారు. రుచి మీ ఇష్టం, తేమ సంగతి మాత్రం వేరు. బెల్లంలో విడిపోయిన చక్కెరలు, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కొంత ఉంటాయి, అవి గాలిలో చెమ్మని బాగా లాగుతాయి, కాబట్టి బెల్లం తాండ్రని ఇంకాస్త గట్టిగా ఎండబెట్టి, ఇంకా జాగ్రత్తగా ప్యాక్ చేయాల్సి వస్తుంది. కోస్తాలో ఉండి మొదటిసారి చేస్తున్నవాళ్లకి నేనైతే పంచదారే చెప్తాను. అసలేమీ వేయకుండా చేసినా తాండ్ర వస్తుంది, కాస్త పుల్లగా, గట్టిగా.

5. పోయడం

పళ్లేనికి చిటికెడు నెయ్యి రాసి గుజ్జు పోసి సమంగా పరచండి. మందం రెండు రెండున్నర మిల్లీమీటర్లు దాటొద్దు. ఒక చదరపు మీటరుకి రెండున్నర కేజీలు పోస్తే సరిగ్గా అంత వస్తుంది.

ఎందుకింత పల్చగా అంటే, పండులో వేడి నడిచే వేగానికీ నీళ్లు నడిచే వేగానికీ పొంతనే లేదు, వేడి వందల రెట్లు ముందుంటుంది. పొర మొత్తం వేడెక్కడానికి నిమిషాలు చాలు, లోపలి నీళ్లు పైకి రావడానికి గంటలు పడుతుంది. పై తడి ఆరిపోయి లోపలి నీళ్లు పైకి పాకే దశకి వచ్చాక మందం రెండింతలు చేస్తే టైము దగ్గర దగ్గర నాలుగింతలు అవుతుంది. అరటి, సపోటా ముక్కలకీ ఇంతే, నాలుగైదు మిల్లీమీటర్లకి మించి కోయొద్దు. కాకపోతే ముక్కల్ని జాలీ మీద వేస్తే రెండువైపుల నుంచీ ఆరతాయి, తాండ్రకి అడుగున పళ్లెం ఉంటుంది కాబట్టి పైనుంచి మాత్రమే.

ఆ రెండున్నర మిల్లీమీటర్ల పొర ఎండాక సుమారు అర మిల్లీమీటరు అవుతుంది. అంటే ఒక సెంటీమీటరు మందం తాండ్ర కావాలంటే ఇరవై పొరలు పోయాలన్నమాట. విజయనగరం జిల్లా భీమాళిలో, గోదావరి జిల్లాల్లో తాండ్రని చాపల మీద పొర మీద పొరగా రోజుల తరబడి పోస్తూ వస్తారు కదా, చాదస్తం కాదు, ఒకేసారి సెంటీమీటరు పోస్తే లోపల పులిసిపోతుంది. ఒక్కో పొర వేలు పెడితే అంటకుండా, నొక్కితే ముద్ర పడకుండా అయ్యాకే తర్వాతది పోయండి. కింద పొరలో మిగిలిపోయిన నీళ్లకి మీరు పోసే కొత్త పొరే మూత అవుతుంది, ఇక అవి బయటికి రావడం చాలా కష్టం.

6. ఎండబెట్టడం

ఎండలో పెట్టేవాళ్లు ముందు డాబా మీద నీడలో మీటర్ పెట్టి చూడండి, మీటర్ మీద ఎండ పడితే తప్పుడు లెక్క చూపిస్తుంది. పగటి తేమ 60 లోపు, వేడి 30 డిగ్రీల పైన ఉంటేనే ఎండకి పెట్టండి. తేమ 70 ఉన్న రోజు ఎంత ఎండ కొట్టినా తాండ్ర పైపైన ఆరినట్టే ఉంటుంది గానీ 15 శాతానికి దిగడం కష్టం. ఎండకి పళ్లెం వేడెక్కి దాన్ని అంటుకున్న గాలిలో తేమ శాతం కాస్త తగ్గుతుంది కాబట్టి కొంత నయం, అంతే.

మొదటి కొన్ని గంటలు గుజ్జు తడిగా ఉన్నప్పుడు జరిగేది వేరు, చివర్లో జరిగేది వేరు. మొదట్లో పైన నీళ్లు ఆవిరవుతూ ఆ ఆవిరికి కావాల్సిన వేడిని గుజ్జు నుంచే లాక్కుంటాయి, అందుకే గుజ్జు చల్లగా ఉంటుంది. 40 డిగ్రీల గాలి, 30 శాతం తేమ ఉన్నచోట, నీడలో, తడి గుజ్జు 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది, కుండలో నీళ్లు చల్లబడ్డట్టు. అంటే గాలికీ గుజ్జుకీ 15 డిగ్రీల తేడా. అదే 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న తీరంలో గుజ్జు 29 దగ్గర ఉంటుంది, తేడా అయిదే. వేడి లోపలికి వచ్చేది ఈ తేడాని బట్టే, కాబట్టి అక్కడ ఆరే వేగం మూడో వంతు. ఎండ నేరుగా పడితే రెండుచోట్లా ఇంకాస్త పెరుగుతుంది, కానీ తీరం వాళ్లు వెనకబడే ఉంటారు.

డ్రయ్యర్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. ఆ 34 డిగ్రీల, 70 శాతం గాలినే 60 డిగ్రీలకి వేడిచేస్తే అదే గాలిలో తేమ 19 శాతానికి పడిపోతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, వేడి గాలి ఇంకా బోలెడు నీళ్లు మోయగలదు కాబట్టి శాతం తగ్గింది. 45 డిగ్రీలకి వేడిచేస్తే 39 శాతం, అది కూడా చాలు. పాలిథిన్ కప్పిన సోలార్ డ్రయ్యర్ చేసే పని కూడా ఇదే, అయితే గాలి బయటికి పోయే దారి లేకపోతే లోపలంతా చెమ్మ పట్టి కవరు లోపలి వైపు నీటి బొట్లు వేలాడతాయి. అవి కనపడ్డాయంటే గాలి కన్నం చాలలేదని.

డ్రయ్యర్లో మొదటి రెండు గంటలు 60, 65 పెట్టినా పర్లేదు, గుజ్జు పైన తడి ఉన్నంతసేపు అది 35 చుట్టుపక్కలే ఉంటుంది. పైన మెరుపు పోయి మ్యాట్‌గా అవ్వగానే కథ మారుతుంది, ఆవిరి తగ్గింది కాబట్టి ఇక గుజ్జు వేడి గాలి వేడితో సమానం అవ్వడానికి ఎగబాకుతుంది, అప్పుడు 55 కి తగ్గించండి. చాలామంది రివర్స్ చేస్తారు, చివర్లో "ఇంకా అవ్వట్లేదు" అని 75 కి పెంచుతారు, పైన తోలులా బిగిసిపోయి లోపల మెత్తగా మిగిలిపోతుంది, అంచులు నల్లబడి చేదు తగులుతాయి.

ఇంకోటి కూడా ఉంది. పండు ఆరేకొద్దీ వేడి పట్టే గుణం, వేడి నడిపే గుణం రెండూ తగ్గిపోతాయి. తడి మామిడి గుజ్జు కేజీని ఒక డిగ్రీ పెంచడానికి 3.6 కిలోజౌళ్ల దాకా కావాలి, బాగా ఎండిన తాండ్రకి అందులో దాదాపు సగం చాలు. అందుకే చివర్లో కాస్త ఎక్కువ వేడి తగిలినా టక్కున మాడుతుంది. పైగా మిగిలిన ఆ కాసిని నీళ్లు చక్కెరనీ పీచునీ గట్టిగా పట్టుకుని ఉంటాయి, వాటిని ఊడబెరకడానికి మామూలు నీటిని ఆవిరి చేసేదానికంటే ఎక్కువ వేడి ఖర్చవుతుంది. చివరి వంద గ్రాములు ఇంత ఆలస్యం కావడంలో అదో కారణం, పైన గట్టిపడ్డ పొరలోంచి నీళ్లు పాకుతూ రావడం ఇంకో పెద్ద కారణం.

కరెంటు లెక్క కావాలంటే, 4 లీటర్ల నీళ్లు ఆవిరి చెయ్యడానికి లీటరుకి 2.4 మెగాజౌళ్ల చొప్పున 9.6 మెగాజౌళ్లు, అంటే 2.7 యూనిట్లు. గుజ్జుని 30 నుంచి 60 కి వేడెక్కించే ఖర్చు దీని ముందు ఎంత, 0.17 యూనిటే. గాలితో పాటు బయటికి పోయే వేడి వల్ల చిన్న డ్రయ్యర్లలో అసలు బిల్లు దీనికి రెండు మూడింతలు వస్తుంది.

ఎండలో పెట్టేవాళ్లు సాయంత్రం అయిదింటికల్లా మీటర్ చూస్తూ ఉండండి, తేమ 65 దాటుతుందనగానే పళ్లేలు లోపలికి తెచ్చేయండి. కోస్తాలో తెల్లవారుజామున 85, 90 కి వెళ్లిపోతుంది, డాబా మీద వదిలేస్తే పగలంతా వదిలిన నీళ్లలో కొన్ని రాత్రికి మళ్లీ తాగేస్తుంది. ఊరికే గుడ్డ కప్పితే చాలదు, గుడ్డ దుమ్ముని ఆపుతుంది, తేమని కాదు. పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టేయండి. పొద్దున్నే లేచి ఆరింటికే బయట పెట్టేయకండి, ఎనిమిదిన్నర తొమ్మిదికి గాలి ఆరాక పెట్టండి. రాయలసీమలో, తెలంగాణలో మే నెలలో రాత్రి గాలి కూడా పొడిగా ఉండే రోజులు ఉంటాయి, మీ మీటర్ అలా చెప్తే బయటే ఉంచుకోండి, ఎవరూ వద్దనరు.

7. ఎక్కడ ఆపాలి

బరువు లెక్కకి దగ్గరపడింది, మన ఉదాహరణలో 1560 చుట్టూ వచ్చిందనుకోండి, అప్పుడు సీసా పరీక్ష చేయండి. తాండ్ర మధ్యలోంచి, అంచుల్లోంచి కాదు, అరచేతంత ముక్క కోసి, చిన్న చిన్న ముక్కలు చేసి సీసాలో సగానికి పైగా నింపి, స్టిక్కర్ అంటించిన మీటర్ లోపల పెట్టి బిగించండి. సీసాని ఎండ తగలని చోట, ఫ్యాన్ కింద కాకుండా, గది మూలలో పెట్టండి. అంకె మొదట గది తేమ చూపిస్తుంది, ఒక గంటకి కదలడం మొదలెడుతుంది, నాలుగైదు గంటలకి నెమ్మదిస్తుంది, మర్నాటికి నిలబడుతుంది. ఆ నిలబడిన అంకెని వందతో భాగిస్తే వచ్చేదాన్నే వాటర్ యాక్టివిటీ అంటారు, ల్యాబుల్లో దీన్ని కొలిచే అసలు మిషన్ ఖరీదు లక్షల్లో ఉంటుంది.

అంకె 60 లోపు నిలబడితే ఏ బూజూ ఈస్టూ అందులో పెరగలేవు. 60, 65 మధ్య అయితే చాలా కొద్ది రకాల బూజులే నెమ్మదిగా పెరగగలవు, ఇంట్లో రెండు మూడు నెలల్లో తినేసేదానికి పర్లేదు. 70 దాటితే ఇంకా ఎండబెట్టాలి, వేరే దారి లేదు. 80 దాటితే మామూలు బూజులన్నీ లొట్టలేసుకుంటూ వస్తాయి. మరీ 45 కి దిగిపోయిందంటే ఎక్కువ ఎండబెట్టేశారు, పాడవదు గానీ పళ్లకి పని, అమ్మేవాళ్లకైతే బరువు నష్టం.

చేత్తో చూసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎండలోంచి తీసిన తాండ్ర వేడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, చక్కెరలు వేడికి మెత్తబడతాయి కాబట్టి. నీడలో అరగంట చల్లారనిచ్చి అప్పుడు వంచి చూడండి. విరక్కుండా తోలులా వంగాలి, మడిచి నొక్కి వదిలితే రెండు పొరలు అతుక్కోకుండా విడిపోవాలి.

8. సర్దుబాటు, ఆ తర్వాత దాచడం

అన్ని ముక్కలూ ఒకేలా ఎండవు, అంచులు 12 శాతం, మధ్యలో 19 ఉండొచ్చు. తాండ్ర కోసి, ముక్కలైతే అలాగే, గాజు జాడీలో మూడింట రెండు వంతులు నింపి వారం పది రోజులు ఉంచండి, రోజుకోసారి కుదపండి. తడి ముక్కలు నీళ్లు వదులుతాయి, పొడి ముక్కలు తీసుకుంటాయి, అన్నీ ఒకదారికి వస్తాయి. మొదటి రెండ్రోజులు జాడీ భుజం దగ్గర, మూత కింద జాగ్రత్తగా చూడండి, గాజు లోపలి వైపు ఊదినట్టు సన్నటి పొగమంచు కనిపించిందంటే ఆలోచించకుండా మళ్లీ ఎండకో డ్రయ్యర్‌కో పంపండి. ఎండలో ఆరబెట్టినవాటి మీద ఈగలు, పురుగులు గుడ్లు పెట్టి ఉండొచ్చు, కాబట్టి సర్దుబాటుకి ముందే గట్టి కవర్లో కట్టి ఫ్రీజర్లో, మైనస్ 18 కి, రెండు రోజులు ఉంచి తీయండి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పొద్దు, విప్పితే గాలిలో తేమంతా దాని మీదే కూర్చుంటుంది.

దాచేటప్పుడు పల్చటి పాలిథిన్ని నమ్మకండి, నెలల మీద తేమ అందులోంచి మెల్లగా దూరుతుంది. గాజు సీసా, గట్టి స్టీలు డబ్బా, లేదా లోపల వెండిరంగు పూత ఉన్న పౌచ్. పెద్ద డబ్బా ఒక్కటి పెట్టి రోజూ మూత తీసేకంటే చిన్న సీసాలు ఎక్కువ పెట్టుకోండి, ముసురు రోజుల్లో మూత తీసిన ప్రతిసారీ 85 శాతం గాలి లోపలికి పోతుంది.

9. ఓపిక ఉన్నవాళ్లకి: మీ తాండ్ర గీత మీరే గీయండి

అమ్మకానికి చేసేవాళ్లు, మహిళా సంఘాల వాళ్లు ఇది ఒక్కసారి చేసి పెట్టుకుంటే ప్రతి ఏడాదీ పనికొస్తుంది. సైన్స్ సామాన్లు అమ్మే షాపులో కొన్ని లవణాలు దొరుకుతాయి. తడి ముద్దగా చేసి సీసా అడుగున పెడితే 30 డిగ్రీల దగ్గర ఒక్కోటి ఒక్కో తేమని పట్టి ఉంచుతుంది: మెగ్నీషియం క్లోరైడ్ 32, పొటాషియం కార్బొనేట్ 43, సోడియం బ్రోమైడ్ 56, మన ఉప్పు 75, పొటాషియం క్లోరైడ్ 84. ఒక్కో సీసాలో చిన్న గిన్నె మీద రెండు మూడు గ్రాముల తాండ్ర ముక్కలు, లవణం తగలకుండా. దీనికి మాత్రం వంటింటి కాటా చాలదు, బంగారం తూచే రకం, మిల్లీగ్రాములు చూపించే చిన్న కాటా కావాలి. మూడు నాలుగు రోజులకోసారి తూచండి, బరువు కదలడం ఆగిందంటే ఆ చుక్క తేలినట్టే, రెండు మూడు వారాలు పట్టొచ్చు. 84 సీసాలో మధ్యలోనే బూజు వచ్చేస్తుంది, ల్యాబుల్లో అయితే బూజు రాకుండా పక్కన చిన్న గిన్నెలో థైమాల్ పెడతారు. ఈ సీసాల్లో పెట్టిన ముక్కలు మాత్రం ఎవరూ తినకూడదు, పిల్లలకి అందనివ్వకండి.

తడి ముక్కలతో మొదలెట్టి ఆరనిస్తూ గీస్తే ఒక గీత, బాగా ఎండిన ముక్కలతో మొదలెట్టి తేమ పట్టనిస్తూ గీస్తే ఇంకో గీత వస్తుంది, మొదటిది కాస్త పైన ఉంటుంది. ఒకే గాలి తేమకి ఆరుతూ వచ్చిన ముక్కలో నీళ్లు ఎక్కువ మిగులుతాయి. దాచడం గురించి చూసేవాళ్లకి రెండో గీత ముఖ్యం, ఎండబెట్టే బరువు తేల్చుకునేవాళ్లకి మొదటిది. పుస్తకాల వాళ్లు ఈ చుక్కల్ని గ్యాబ్ అనే సమీకరణంలో పెట్టి మూడు స్థిరాంకాలు తీస్తారు, ఎక్సెల్ తెలిసినవాళ్లు సరదాకి చేసుకోవచ్చు, మీకు కావాల్సింది మాత్రం 60 దగ్గర నీళ్లు ఎంత శాతం అన్న ఒక్క చుక్కే. అది 17 వస్తే మీ లెక్కలో 0.85 బదులు 0.83 వేసుకోండి, అంతే తేడా. పంచదార పాళ్లు మార్చినా, కలెక్టర్ బదులు బంగినపల్లి వాడినా ఆ చుక్క కాస్త జరుగుతుంది.

ఇక ఈ ఏడాది ఇప్పటికే జులైలో మెత్తబడిన తాండ్ర ఇంట్లో ఉంటే, బూజు, పులిసిన వాసన లేకపోతే పారేయక్కర్లేదు. పల్చటి ముక్కలుగా విడదీసి 55 డిగ్రీల డ్రయ్యర్లో గానీ, తలుపు కొంచెం తెరిచి పెట్టిన ఓవెన్లో తక్కువ మంట మీద గానీ రెండు మూడు గంటలు పెట్టి, చల్లార్చి, వెంటనే సీసాలో మీటర్‌తో బిగించి మర్నాడు అంకె చూడండి. బూజు ఒక్క మూల కనిపించినా ఆ ముక్క వరకు కోసేసి మిగతాది తినొచ్చు అనుకోకండి, ఆ డబ్బా మొత్తం తీసేయండి.